ఉక్కుకు దొరికిన దుభాషి

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం భారత్, సోవియట్ యూనియన్ 1955లో ఒప్పందం చేసుకున్నాయి. దాదాపు నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దుర్గ్ జిల్లా వరిపొలాల మధ్య ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తీయాలని తలపెట్టిన ప్లాంటు అంత త్వరగా పని మొదలుపెట్టిందంటే అందులో దుభాషీల కష్టం చాలా ఉంది. నేర్పేవాళ్ల మాట రష్యన్, నేర్చుకునేవాళ్లది హిందీ, తెలుగు, బెంగాలీ, మలయాళం. కొలిమి దగ్గర ఒక్క మాట తప్పుగా అర్థమైతే ప్రాణాలు పోతాయి. అందుకే దుభాషి ఖర్చును ఎవరూ దండగ అనుకోలేదు.

పక్కనే ఉన్న దుర్గ్ జిల్లా కోర్టులో, బోనెక్కిన మనిషికి అలాంటి ఏర్పాటు ఆ రోజుల్లోనూ లేదు, తర్వాతా కుదురుకోలేదు.

భిలాయికి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం మన ఉత్తరాంధ్రవాళ్లకు దారి చూపింది. ఊరికి 'మినీ ఇండియా' అని పేరొచ్చింది. ప్లాంటుకు భూములిచ్చిన పల్లెలవాళ్లు, రోజుకూలీకి వచ్చినవాళ్లు మాత్రం ఛత్తీస్‌గఢీ మాట్లాడేవారు. కోర్టు భాష హిందీ. 2011 జనాభా లెక్కల్లో కోటీ అరవై రెండు లక్షల మంది తమ మాతృభాష ఛత్తీస్‌గఢీ అని చెప్పుకున్నా, ఆ లెక్క హిందీ పద్దులోనే పడింది. అంతా హిందీయే అన్నాక దుభాషి అవసరం ఎవరికి తోస్తుంది?

సాక్ష్యం నమోదు చేసే తీరు దగ్గరగా చూస్తే నష్టం ఎక్కడ జరుగుతుందో తెలుస్తుంది. సాక్షి తన యాసలో, తన వరసలో చెప్పుకుపోతాడు. జడ్జి దాన్ని కోర్టు భాషలోకి కుదించి చెబితే స్టెనో టైపు చేస్తాడు. చివరికి వేలిముద్రో సంతకమో పడుతుంది. అప్పీలులో పైకోర్టు చదివేది ఆ కాగితాన్నే. రాసింది సాక్షికి చదివి వినిపించాలని 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 278వ సెక్షన్, ముద్దాయికి అర్థంకాని భాషలో సాక్ష్యం నడిస్తే తెలిసిన భాషలో చెప్పాలని 279వ సెక్షన్ అన్నాయి. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమాలున్నాయి. కానీ దుభాషిని ఎక్కడి నుంచి తేవాలో, అతనికి జీతం ఎవరివ్వాలో ఆ సెక్షన్లు చెప్పవు.

ఈ లోటును భిలాయి ప్రాంతంలో కొంత పూడ్చింది కార్మిక సంఘం. బెంగాలీ అయిన శంకర్ గుహా నియోగి ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి, ఉద్యోగం పోయాక పల్లెల్లో తిరుగుతూ ఛత్తీస్‌గఢీ వంటబట్టించుకున్నాడు. ప్లాంటుకు ఇనుప ఖనిజం వెళ్లే దల్లీ–రాజ్‌హరా గనుల్లో కాంట్రాక్టు కూలీలకు, శాశ్వత కార్మికులకు బోనస్‌లో తేడా చూపిస్తూ పాత సంఘాలు సంతకాలు చేసినప్పుడు, 1977లో ఆ కూలీలు ఆయన వెంట నడిచారు. ఆ జూన్‌లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. ఒప్పందంలో ఏముందో, నోటీసులో ఏముందో కూలీకి తన మాటలో చెప్పే మనిషి ఉండడం ఎంత బలమో అక్కడ తెలిసింది.

1991 సెప్టెంబర్ 28న నియోగిని భిలాయిలో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. దుర్గ్ సెషన్స్ కోర్టు 1997లో ఆరుగురిని దోషులన్నది. మరుసటి ఏడాది జబల్పూర్ హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005లో సుప్రీంకోర్టు ఒక్కడికే యావజ్జీవం వేసింది. తమ నాయకుడి కేసు మెట్టు ఎక్కేకొద్దీ కార్మికులకు అందని భాషలోకి వెళ్లిపోయింది. ఆ ఉద్యమంలోనే పనిచేస్తున్న సుధా భరద్వాజ్ 2000లో న్యాయవాది అయ్యారు. సంఘానికి తమ మాట తెలిసిన వకీలు కావలసివచ్చింది.

ఆ ఏడాదే నవంబర్ 1న మధ్యప్రదేశ్ నుంచి విడిపోయి ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. జబల్పూర్ బదులు బిలాస్‌పూర్‌లో కొత్త హైకోర్టు వచ్చి, భిలాయివాళ్లకు దగ్గరైంది. కానీ భాష దూరమైంది. మధ్యప్రదేశ్ హైకోర్టులో హిందీకి 1971 నుంచే అనుమతి ఉంది. బిలాస్‌పూర్‌లోనూ హిందీ కావాలని ఛత్తీస్‌గఢ్ అడిగితే, రాజ్యాంగం 348వ అధికరణ కింద వచ్చిన ఆ ప్రతిపాదనను, తమిళం, గుజరాతీ, బెంగాలీ, కన్నడం ప్రతిపాదనలతో కలిపి, సుప్రీంకోర్టు ఫుల్ కోర్టు 2012 అక్టోబర్ 11న తిరస్కరించింది. ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడు దక్కిన హక్కు రాష్ట్రం విడిపోయాక దక్కకపోవడం అన్యాయం.

సుప్రీంకోర్టుకు ఈ సమస్య తెలియదని కాదు. నిర్బంధానికి కారణాలు నిర్బంధితుడికి తెలిసిన భాషలోనే ఇవ్వాలని 1962లో హరికిసన్ కేసులో చెప్పి, అతన్ని విడుదల చేయించింది. 2021 జులైలో వరకట్న వేధింపుల కేసులో ఆంధ్రప్రదేశ్ మహిళ ఇంగ్లీషులో చెప్పలేక తడబడుతుంటే, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ తెలుగులో చెప్పమన్నారు. ఆమె మాటలను పక్కనున్న జస్టిస్ సూర్యకాంత్‌కు వివరించారు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తెలుగులో తీర్పు ఇచ్చింది. ఇవి సంతోషించదగ్గవే. అయితే ఆ ఆంధ్రప్రదేశ్ మహిళ కేసు తెలుగు రాని ధర్మాసనం ముందుకు వెళ్లి ఉంటే?

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన పరిస్థితి ఇంకా కష్టం. గోండి వినిపించే సుక్మా జిల్లాలో 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర జరిగిన దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న 121 మంది ఆదివాసీలను 2022 జులైలో కోర్టు నిర్దోషులుగా వదిలింది. వాళ్ల ఐదేళ్ల జైలుకు భాష ఒక్కటే కారణం కాదు. అయినా ఎఫ్‌ఐఆర్‌లో తన గురించి ఏం రాశారో చదువుకోలేని మనిషి, తన వకీలుకు సైతం జవాబు చెప్పుకోలేడు.

అమెరికా తన ఫెడరల్ కోర్టులకు దుభాషీల చట్టాన్ని 1978లోనే చేసుకుంది. ముద్దాయికి ఉచితంగా దుభాషిని ఇవ్వాలన్న అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. కాబట్టి దుర్గ్ కోర్టులో ఛత్తీస్‌గఢీ, గోండి, హల్బీ, ఒడియా, తెలుగు తెలిసిన దుభాషీల జాబితా ఒకటి ఉండాలనీ, వాళ్లకు ప్రభుత్వం జీతం ఇవ్వాలనీ అడగడం ఎప్పుడో ఒప్పుకున్న బాకీని అడగడమే.