మా సీమ సంతలు, ధర వార్తలు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములందు తరతరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములకు వర్తకమనగా సంత, మండీ, అంగడి అను మూడే తెలియును. ఇపుడు వానితో నాల్గవది చేరినది. అది చేతిలోని ఫోను. దానివలన వర్తకుల పోటీ ఎట్లు మారినదో, మేలు ఎవరికి కలిగినదో, మాకు తోచినంతవరకు ఇచట వ్రాయుచున్నాము. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, మండీ లెక్కలు వ్రాసి విశ్రాంతి పొందిన గుమాస్తాలము.

పూర్వము ధర వార్త కాలినడకన వచ్చెడిది. కైవార తాతయ్యగా ప్రసిద్ధులైన నారేయణ యోగీంద్రులు తొలుత గాజుల మలారము మోసి ఊరూర తిరిగి అమ్మినవారని ఈ సీమలో చెప్పుకొందురు. అట్టి సంచార వర్తకుడు సరకుతోబాటు పై ఊరి కబురు కూడ తెచ్చెడివాడు. ఆ కబురులో సగము ధరలే యుండును. ఇక మరాఠా నాయకుడైన చింతామణిరావు పేర వెలసిన చింతామణి సాహుకార్ల పట్టణముగా పేరొందినది. సాహుకారునకు ధనము ఎంత బలమో, దూరపు ధరను ఇతరులకంటె ఒకదినము ముందుగా తెలిసికొనుటయు అంత బలము. పశువుల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టుకొని బేరమాడుటను మనలో పెద్దలు చూచియే యుందురు. ప్రక్కనున్న వానికి ధర తెలియరాదనుటయే దాని ఉద్దేశము.

20వ శతాబ్దపు రెండవ దశాబ్దిలో చిక్కబళ్ళాపురమునకు చిన్న పట్టాల రైలు వచ్చినది. తంతి, ఆపై టెలిఫోను వచ్చినవి. కాని ఇవన్నియు మొదట వర్తకుని గుమ్మమునకే చేరినవి గాని రైతు ఇంటికి చేరలేదు. ఇందుకు మేమే సాక్షులము. 1982లో మేము ఒక మండీలో గుమాస్తాగా ఉంటిమి. ఉదయము బెంగుళూరునకు ట్రంకు కాల్ కట్టి, ఆనాటి వేరుసెనగ ధరను చీటిమీద వ్రాసికొనుట మా పని. ధర పెరిగిన దినమున ఆ చీటిని, కొనుగోలు ముగియువరకు, మేజా సొరుగులో ఉంచవలెనని యజమాని ఆజ్ఞ. ఒకనాడు బాగేపల్లి వైపునుండి బండి తోలుకొని వచ్చిన ఒక ముసలి రైతు, "అయ్యా, బెంగుళూరి ధర ఏమన్నా తెలిసిందా?" అని మమ్ము అడిగెను. చీటి సొరుగులోనే ఉన్నది. "ఇంకా తెలియలేదు పెద్దాయనా" అంటిమి. ఆయన నిన్నటి ధరకే కాయలమ్మి, మాకు నమస్కరించి వెళ్లెను. ఆ నమస్కారము నలువది యేండ్లు దాటినను మమ్ము విడువలేదు.

దీనికి మందుగా చట్టములు లేకపోలేదు. పట్టు గూళ్లను ప్రభుత్వ మార్కెట్టులోనే అమ్మవలెనను నియమమునకు ఆధారమైన చట్టము 1959 నాటిది; వ్యవసాయోత్పత్తుల మార్కెట్టు కమిటీల చట్టము 1966 నాటిది. బహిరంగ వేలముతో తువ్వాలు తొలగినది. అయినను ఒక యార్డులోని పదిమంది కొనుగోలుదారులు ముందుగా కాఫీ హోటలులో కూడి మాటలాడుకొన్నచో, ఆ వేలము బహిరంగమైనను ఒకటే, కాకున్నను ఒకటే!

2014లో కర్ణాటక ప్రభుత్వము ఒక సరకుల ఎక్స్ఛేంజి సంస్థతో కలిసి స్థాపించిన రాష్ట్రీయ ఇ-మార్కెట్ సర్వీసెస్ ద్వారా రాష్ట్రమందలి మార్కెట్టులను ఒకే కంప్యూటరు వేదికపైకి తెచ్చుట ఆరంభమైనది. ప్రతి రాశికి ఒక సంఖ్య. కొనువాడు తన ధరను యంత్రములో నమోదు చేయును. గడువు ముగిసిన పిదప అన్నిటికంటె ఎక్కువ ధర ప్రకటింపబడును. వేరొక ఊరి వర్తకుడును ధర వేయవచ్చును గనుక కాఫీ హోటలు కూటమికి బలము తగ్గును. దీని ఫలితములను పరిశీలించి 2020లో పండితులు ప్రకటించిన వ్యాసమున వరి, వేరుసెనగ, మొక్కజొన్నలకు ధర సుమారు మూడున్నర మొదలు ఐదు శాతము వరకు పెరిగినదనియు, మరికొన్ని పంటలకు చెప్పుకోదగిన మార్పు లేదనియు తేలినది. కేంద్ర ప్రభుత్వపు ఇ-నామ్ 2016 ఏప్రిల్ 14న వచ్చినది. మన జిల్లాలోనే ఉన్న శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టులో సైతము నేడు వేలము యంత్రముపై నడచుచున్నది, సొమ్ము బ్యాంకు ఖాతాకు చేరుచున్నది.

కేరళ తీరమున 1997 తరువాత ఫోనులు వచ్చినపుడు జాలరులు సముద్రముమీదనుండియే రేవుల ధరలు విచారించి పడవ త్రిప్పిరట. వారి లాభము 8 శాతము పెరిగి, కొనువారికి ధర 4 శాతము తగ్గినది. ఇరుపక్షములకు మేలు కలుగుట అరుదు. మన చింతామణి టమాటాకు మాత్రము ఇంత సుళువు లేదు. టమాటా ఆగదు, ఎండ ఆగదు. పైగా మండీవాని వద్ద విత్తనములకు, కూతురి పెండ్లికి అప్పు తీసికొన్న రైతునకు వేరొక ఊరి ధర తెలిసి ఏమి ప్రయోజనము? అప్పున్నచోటనే అమ్మవలెను. ఫోను ధరను చెప్పును గాని బాకీ తీర్చదు. ఈ సంగతిని యంత్రములను పొగడువారు తరచు మరచుచున్నారు.

అంగడివారి కథ వేరు. కోలారునుండి విడివడి చిక్కబళ్ళాపురము జిల్లా ఏర్పడిన 2007లోనే, బెంగుళూరులో ఇద్దరు యువకులు ఫ్లిప్‌కార్టును పుస్తకముల అమ్మకముతో ఆరంభించిరి. తొలి పుస్తకము కొన్నది మహబూబునగరమునకు చెందిన ఒక తెలుగువాడనుట మనకొక ముచ్చట. 2018లో అమెరికా దేశపు వాల్‌మార్టు అందులో అధికభాగమును 1600 కోట్ల డాలర్లకు కొన్నది. దీనితో బాగేపల్లి బజారులోని చీరల అంగడికి పోటీ ఎదురు అంగడితో కాదు, ఎన్నడును కంటికి కనబడని గిడ్డంగితో. ఎవరేమి కొనుచున్నారో ఆ సంస్థలకు తెలియును. అంగడివానికి తన బజారు మాత్రమే తెలియును. తమకు ఇష్టులైన అమ్మకందారులనే ముందు నిలుపుచున్నవను ఆరోపణపై అమెజాన్, ఫ్లిప్‌కార్టులపై విచారణకు 2020 జనవరిలో పోటీ కమిషను ఆదేశించినది. మాకు ఇది క్రొత్తగా తోచలేదు. చీటి మరల ఒకని సొరుగులోనికి చేరినది. సొరుగు మాత్రము బహుపెద్దది.

అయినను చిన్న అంగడి చేతులు ముడుచుకొని లేదు. 2016లో వచ్చిన యూపీఐతో సొమ్ము ఫోను నుండి ఫోనునకు పోవుచున్నది. సొమ్ము అందిన వెంటనే బిగ్గరగా చెప్పు పెట్టెలు తెలుగుతోసహా పలు భాషలలో దొరకుచున్నవి. మన పిల్లలకు మాట తెలుగు, వ్రాత కన్నడము గనుక చదువనవసరములేని ఈ పెట్టె మన ఇంటివారికి నచ్చినది. మొన్న బాగేపల్లిలో ఒక చిల్లర కొట్టు ముందు మేము నిలిచియుండగా పెట్టె తెలుగులో "నలభై రూపాయలు అందినవి" అని పలికెను. ఒక అవ్వ ఉలికిపడి, "ఎవరు నాయనా లోపల మాట్లాడేది?" అని అడిగి నవ్వి, తాను తీసికొన్న పప్పు, నూనెలను అప్పు పుస్తకములో తన పేర వ్రాయించుకొని వెళ్లినది.