అత్తగారికి చోటిచ్చిన కోడలు

1939లో వచ్చిన ‘వరవిక్రయం’ సినిమాలో కాళింది అనే పిల్ల కట్నం బేరానికి తలవంచలేక ప్రాణం తీసుకుంటుంది. ఆ పాత్ర వేసిన అమ్మాయికి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండినట్టు లేవు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టి, సంగీతమంటే ప్రాణమైన తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య దగ్గర పాట నేర్చుకున్న భానుమతి ఆమె.

ఆరేళ్లు తిరిగేసరికి ‘స్వర్గసీమ’లో ఆమె వేసిన, వీధుల్లో ఆడిపాడే సుబ్బి, సుజాతగా మారి ఒక పత్రికా సంపాదకుడి పచ్చని సంసారంలో చిచ్చుపెట్టింది. పావురాన్ని పిలుస్తూ ఆమె పాడిన పాటలో గొంతు ఎక్కడ నవ్వుతుందో, ఎక్కడ కవ్విస్తుందో ఈనాటికీ స్పష్టంగా తెలుస్తుంది. భానుమతి తన భర్త పి.ఎస్. రామకృష్ణారావుతో కలిసి కొడుకు పేరు మీద భరణీ పిక్చర్స్ పెట్టింది. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తానే డైరెక్ట్ చేసింది, అందులో రెండు వేషాలూ తానే కట్టింది. ఆ రోజుల్లో ఆడవాళ్లు కెమెరా ముందుకు రావడమే గొప్ప. ఆమె కెమెరా వెనక్కి కూడా వెళ్లింది.

తెరమీద ఆమె ఉంటే చూపు పక్కకు పోదు. ఎదుట ఎంతటి నటుడున్నా సరే, ఆ కళ్లూ ఆ విరుపూ సీను లాగేసుకునేవి. అలాంటి మనిషి కలం పట్టుకుంటే తన గురించే రాస్తుందనుకుంటాం. కానీ ‘అత్తగారి కథలు’ తెరిస్తే కథ చెప్పే కోడలు ఓ పక్కన ఒదిగి నిలబడి ఉంటుంది. నడిగదిలో అత్తగారు! ఆవిడ మడి, ఆవిడ పచ్చళ్ల జాడీలు, పనివాళ్లతో పేచీలు, తాను పట్టిన పట్టే పట్టు. మన కథల్లో అత్తంటే ఆరళ్లు పెట్టేదే కదా. ఈవిడ మాత్రం గడుసుదనమూ అమాయకత్వమూ విడదీయరాకుండా కలిసిపోయిన మనిషి. కోడలికి విసుగొస్తుంది, నవ్వూ వస్తుంది, ఆవిణ్ణి చులకన చేయడం మాత్రం చేతకాదు.

ఇది నటి చెవి చేసిన పని అని నాకు గట్టి నమ్మకం. మాట ఎక్కడ తెగాలో, ఎదుటి మనిషి జవాబుకు ఎంత ఎడం ఇవ్వాలో సెట్లో నేర్చుకున్న విద్య ఇక్కడ కాగితం మీదికి దిగింది. అత్తగారి మాట పైకి చదివితే వంటింట్లోంచి వినిపించినట్టే ఉంటుంది. అందుకే ఈ పుస్తకాన్ని మనసులో చదవకూడదు, ఇంట్లో నలుగురూ వినేలా చదవాలి. దీనికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ గుర్తింపు దక్కింది. ఆత్మకథ ‘నాలో నేను’కు జాతీయ పురస్కారం వచ్చింది. అయినా ఆమెను రచయిత్రిగా చెప్పేటప్పుడు ‘నటి కూడా రాసింది’ అన్నట్టు మాట్లాడతారు. అది నాకు కష్టంగా ఉంటుంది. సినిమా ఒక్కటీ చేయకపోయినా ఈ కథలకు తెలుగు హాస్యంలో పీట ఉండేది.

1984లో ‘మంగమ్మగారి మనవడు’ సినిమా వచ్చింది. ఒకప్పుడు అత్తగారిని పక్కనుంచి చూసి రాసిన కోడలు అందులో మాట చెల్లించుకునే పెద్దావిడగా, మంగమ్మగా, ఊరి నడిమధ్య నిలబడింది.