విన్సెంట్ బారీ, క్లోఫాజిమిన్: క్షయ మందు కుష్ఠు మందైన చరిత్ర

విన్సెంట్ బారీ (1908–1975) ఐర్లండ్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త. కార్క్‌లో పుట్టి, డబ్లిన్‌లో చదువుకుని, మొదట గాల్వేలో సముద్రపు నాచులోని పిండిపదార్థాల నిర్మాణంపై పరిశోధన చేశారు. వైద్యచరిత్రలో ఆయన పేరు నిలిచింది మాత్రం క్లోఫాజిమిన్ వల్ల. క్షయ కోసం తయారై, అక్కడ పనికిరాదని పక్కన పడి, చివరికి కుష్ఠుకు పనికొచ్చిన మందు ఇది. దీన్ని గుడ్డి అదృష్టంగా చెప్పడం అలవాటైపోయింది. కానీ ఈ రెండు జబ్బులను కలిగించే క్రిములు రెండూ మైకోబాక్టీరియం ప్రజాతివే. ఒంటి చుట్టూ మైనంలాంటి కొవ్వు పొర ఉండటం వల్ల అవి ఎర్రరంగును పట్టుకున్నాక ఆమ్లంతో కడిగినా సులువుగా వదలవు. సూక్ష్మదర్శినిలో కఫాన్ని, చర్మపు స్మియర్లను ఇప్పటికీ ఈ గుణంతోనే పరీక్షిస్తారు. ఒకదాని గోడను దాటగల మందు రెండోదాన్నీ తాకే అవకాశం ఎక్కువ. బారీ కృషిని ఈ చుట్టరికం వెలుగులో చూడాలి.

1940లలో ఐర్లండ్‌లో క్షయ ఏటా వేలమందిని పొట్టన పెట్టుకునేది. బారీ బృందం రాళ్లమీద, చెట్ల బెరడుమీద పెరిగే లైకెన్లతో మొదలుపెట్టింది. వాటిలో దొరికే డిప్లాయిసిన్ అనే పదార్థం పరీక్షనాళికలో క్షయ క్రిమిని అడ్డుకుంది. దాన్ని పోలిన పదార్థాలను తయారు చేస్తూ పోగా, ఆక్సీకరణం చెందిన ఒక ద్రావణంలో ఎర్రటి స్ఫటికాలు తేలాయి. అవి క్షయ క్రిమిపై ఇంకా గట్టిగా పనిచేశాయి. ఆ దారినే పట్టుకుని 1954లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలోని ప్రయోగశాలలో బి 663ను, అంటే తర్వాత క్లోఫాజిమిన్ అని పేరు పడిన మందును, తయారు చేశారు. ఫలితాలు 1957లో నేచర్ పత్రికలో వచ్చాయి. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన ఈ మందు గినీ పందుల్లో, కోతుల్లో నిరాశపరిచింది. వాటి పేగులు దాన్ని సరిగ్గా పీల్చుకోలేదు. అంటే మందు క్రిమి ముందు ఓడిపోలేదు, క్రిమి ఉన్న చోటికి చాలినంతగా చేరలేదు. పైగా 1952లోనే ఐసోనియాజిడ్ అనే క్షయ మందు వచ్చేసింది. చవకైన, బలమైన మందు చేతిలో ఉండగా ఈ ఎర్రపొడి కోసం ఎవరు ఎదురుచూస్తారు?

దాన్ని మళ్లీ వెలికితీసిన వారిలో మొదటివాడు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలోని వై. టి. చాంగ్. ఎలుకలకు వచ్చే కుష్ఠులాంటి జబ్బుపై అది పనిచేస్తుందని ఆయన చూపారు. 1962లో నైజీరియాలోని ఉజువాకోలిలో స్టాన్లీ బ్రౌన్, హోగర్‌జైల్ కుష్ఠు రోగులపై వాడి చూశారు. అలాగైతే ఘనత బారీది కాదు, వీళ్లది కదా అని అడగవచ్చు. వీరి వాటా పెద్దదే, దాన్ని తగ్గించకూడదు. అయితే కుష్ఠు క్రిమిని ప్రయోగశాలలో కృత్రిమ మాధ్యమంపై పెంచడం నేటికీ సాధ్యం కాలేదు. నేరుగా దానిపై వేలాది పదార్థాలను పరీక్షించే వీలే లేదు. అందుకే కుష్ఠు మందులు తరచూ క్షయ పరిశోధన గుమ్మం నుంచే వచ్చాయి. 1941లో అమెరికాలోని కార్విల్‌లో కుష్ఠుకు వాడిన ప్రోమిన్ అనే మందును అంతకుముందు క్షయపై పరీక్షించారు. రిఫాంపిసిన్ అనే మందు కూడా ఆ దారినే వచ్చింది. ఇన్నిసార్లు జరిగినదాన్ని అదృష్టం అనలేం.

ఇంతలో మలేషియాలో 1964లో, అప్పటి ప్రధాన కుష్ఠు మందైన డాప్సోన్‌కు లొంగని కుష్ఠు రుజువైంది. ఒక్క మందును నమ్ముకుంటే లాభం లేదని తేలిపోయింది. 1969లో క్లోఫాజిమిన్ లాంప్రీన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స (ఎం.డి.టి.)లో రిఫాంపిసిన్, డాప్సోన్‌ల పక్కన అది చోటు సంపాదించింది. క్రిములు ఎక్కువగా ఉన్న పెద్దవారికిచ్చే 28 రోజుల మాత్రల అట్టను తిప్పి చూస్తే దాని మోతాదు లెక్క కనిపిస్తుంది: మొదటి రోజు ఆరోగ్య కార్యకర్త ఎదుట 300 మిల్లీగ్రాముల క్లోఫాజిమిన్, తర్వాత ఇంటి దగ్గర రోజూ 50. మన తెలుగు జిల్లాల్లోనూ జాతీయ కుష్ఠు కార్యక్రమం ఈ పద్ధతినే నడిపింది. క్రిమిని చంపడమే కాక, చికిత్స మధ్యలో నరాలను దెబ్బతీసే వాపులను అణచడంలోనూ ఈ మందు సాయపడుతుంది. వేళ్లు వంకర పోకుండా కాపాడుకోవలసిన రోగికి ఆ రెండో గుణం చాలా విలువైనది.

దీనిపై అసలైన అభ్యంతరం రంగు. చర్మం ఎర్రబారి, తర్వాత నల్లగా మారుతుంది. మచ్చ కనపడితేనే మనిషిని దూరం పెట్టే చోట మందే మచ్చ వేయడం చిన్న బాధ కాదు. చికిత్స ఆపాక నెలల తరబడి సమయం తీసుకుని ఆ రంగు తగ్గుతుందని రోగికి ముందే విడమరచి చెప్పాలి. ఇంత ఆలస్యం ఎందుకంటే, మందు కొవ్వులోనూ, క్రిములను మింగే రక్షక కణాల్లోనూ నిల్వ ఉండి, వదలడానికి నెలలు తీసుకుంటుంది. కుష్ఠు క్రిమి దాక్కునేది ఆ కణాల్లోనే. క్షయ క్రిమి దాక్కునేదీ అక్కడే. మందులకు లొంగని క్షయ పెరిగాక బంగ్లాదేశ్‌లో క్లోఫాజిమిన్‌ను కలిపిన తొమ్మిది నెలల చికిత్స మంచి ఫలితాలిచ్చింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి చికిత్సను సిఫారసు చేసింది. 2018లో దీన్ని మొండి క్షయ మందుల రెండో వర్గంలో చేర్చింది. మొదటి వర్గంలో కాదు, తోడు మందుగానే. బారీ ఏ జబ్బు కోసం దీన్ని వెతికారో, ఆయన మరణించిన నాలుగు దశాబ్దాల తర్వాత ఆ జబ్బు చికిత్సలోనే ఇది చోటు దక్కించుకుంది.