మాటకు తోడు వచ్చిన బొమ్మ

శంకర్‌పల్లి 1874లో ప్రారంభమైన వాడి–సికింద్రాబాదు రైలుమార్గముపై నున్న ఊరు. అచ్చట బడి ఆవరణలో ఒక సాయంకాలము బాల్యవివాహములను గురించి ప్రసంగము ఏర్పాటైనదనుకొందము. ఉపన్యాసకుని వెనుక తెరపై కదలు బొమ్మ యొకటి కావలెను. ఆ బొమ్మ ఎవరు? ఏడ్చుచున్న బాలికయా, బుద్ధి చెప్పు పంతులుగారా, పెండ్లి కుదిర్చిన తండ్రియా? నేడు కంప్యూటరుపై బొమ్మలు కదిలించువారు తొలుత తేల్చుకొనవలసినది ఇదియే. తెలుగునాట ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

రేడియోలో పనిచేయు మాకు ఈ చిక్కు లేదు. గొంతు వినగానే శ్రోత తన ఊరి మనిషినే ఊహించుకొనును. బొమ్మకో, తలపాగా ఏదో ఒక తీరున చుట్టక తప్పదు. చుట్టినంతనే అది ఫలానా వాడకట్టు మనిషిదని చూపరులు పోల్చుకొందురు. ప్రసంగము సగము అక్కడనే గెలుచును, లేదా ఓడును.

చేర్యాల నకాషీ చిత్రకారులకు ఈ రహస్యము తెలియును. ఎర్రని నేలపై వారు వ్రాసిన పొడుగాటి పటమును విప్పుచు కథకుడు ఒక్కొక్క ఘట్టమును చూపి కథ చెప్పును. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, గౌడులకు గౌడ పురాణము, రజకులకు మడేలు పురాణము. తమవారి కథను తమ ముందే పరచినప్పుడు వినకుండువారెవరు? అయితే పటములోని బొమ్మ కదలదు.

కదలునది తోలుబొమ్మ. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనే ఈ ఆట ప్రస్తావన కలదు. వెలుతురు దూరునంతగా తోలును గీకి పలుచన చేసి, రంగులద్ది, నగలున్న చోట రంధ్రములు పొడిచెదరు. భుజము, మోచేయి, మోకాలు వేరువేరుగా కత్తిరించి దారముతో ముడివేసెదరు. నర్తకి బొమ్మకు కీళ్ళు మరింత ఎక్కువ. జర్మనీలో లోటె రైనిగర్ అను వనిత నల్లని కత్తిరింపు బొమ్మలతో 1926లో నిండు నిడివి చలనచిత్రమును నిర్మించినప్పుడు అవయవములను విడదీసి కీళ్ళు కట్టు ఈ పద్ధతినే అనుసరించినది. నేటి కంప్యూటరు బొమ్మలలో పెక్కింటికి ఆధారము ఇదియే.

మన ప్రసంగమునకు రాముడు, రావణుడు అక్కరలేదు. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క కావలెను. రామాయణ ఘట్టముల నడుమ దూరి, వాల్మీకి యెరుగని ఊరి తగవులను, ధరలను, అధికారుల దర్పమును ఎత్తి పొడుచువారు వీరే. వారి మాటకు ఎవరును కోపగించుకొనరు. కాని ఒక మాట దాచరాదు: ఆ హాస్యములో మోటుతనము మెండు, అందు పెద్ద వాటా బంగారక్క నెత్తిన పడును. ఆటను అట్లే దించుకొన్నచో ఆడపిల్లకు మేలు చేయబోయి ఆడుదానినే నవ్వులపాలు చేసినవారమగుదుము.

కావున కేతిగానిని తండ్రిగా నిలుపవలెనని మా అభిప్రాయము. దుష్టుడుగా గాదు, అప్పునకు వెరచి, నలుగురికి జంకి, తొందరపడు మామూలు మనిషిగా. 1929 శారదా చట్టము బాలికకు 14 ఏండ్లు విధించినది. 1978 సవరణతో అది 18 అయినది. ఈ అంకెలు ఉపన్యాసకుడు చెప్పవలెను. బొమ్మ నోట పెట్టినచో కేతిగాడు పంతులై పోవును, పిల్లలు లేచి పోవుదురు. అతడు వ్రేళ్ళపై లెక్కపెట్టి, తప్పి, మరల మొదలుపెట్టిన చాలును.

ఇక కూతురి బొమ్మ. దానిని మూల కూర్చుండబెట్టి కన్నీరు గీయుట సులువు. మేమైతే నర్తకికి కట్టినన్ని కీళ్ళు ఆ పిల్లకు కట్టుదుము. పలక అందుకొనుటకు, తలుపు తెరచుటకు, తండ్రి చేతిలోని లగ్నపత్రికను లాగుకొని చదువుటకు ఆమె చేతులు కదలవలెను గదా!