రబ్బరు బుష్ మేలా, పీయూ బుష్ మేలా? కారు పట్టు, సుఖం రెండూ దీని మీదే

స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే ముందు చక్రం దగ్గర 'టక్ టక్' అని చప్పుడొస్తే చాలామంది షాక్ అబ్జార్బర్ పోయిందనుకుంటారు. తీరా చూస్తే కొన్నిసార్లు అరిగింది లోయర్ ఆర్మ్ బుష్ అయి ఉంటుంది. అది మార్చేటప్పుడు మెకానిక్ 'రబ్బరుది వేయాలా, పీయూ వేయాలా?' అని అడిగితే ఏం చెప్పాలి?

బుష్ అంటే చక్రాన్ని పట్టుకునే ఆర్మ్, కారు ఫ్రేమ్‌కు కలిసే చోట ఉండే మెత్తటి కీలు. ఎక్కువగా రెండు ఇనుప గొట్టాల మధ్య రబ్బరు అతికించి ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందకీ ఆడినప్పుడు రబ్బరు మెలితిరిగి మళ్లీ మామూలుగా అవుతుంది. గుంతల అదురును కొంతవరకు అది మింగేస్తుంది.

చిక్కల్లా ఇక్కడే. బుష్ మెత్తగా ఉంటే ప్రయాణం హాయిగా ఉంటుంది. కానీ మలుపులో, బ్రేక్ కొట్టినప్పుడు ఆర్మ్ కొంచెం జరిగి చక్రం కోణం మారుతుంది. గట్టిగా ఉంటే స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది, అదురు మాత్రం సీటు దాకా వస్తుంది.

రబ్బరు: కంపెనీ కార్లలో ఎక్కువగా ఇదే. గ్రీజు అక్కర్లేదు, చప్పుడుండదు. వేడికి, కారే ఆయిల్‌కు, వయసుకు పగుళ్లిస్తుంది.

హైడ్రాలిక్: రబ్బరు లోపల ద్రవం ఉంటుంది. అదురు బాగా తగ్గిస్తుంది. ద్రవం కారిపోతే మార్చాల్సిందే.

పాలీయురేథేన్, అంటే పీయూ: గట్టిదనాన్ని షోర్ ఎ అనే కొలతలో చెప్తారు. రబ్బరు బుష్‌లు మామూలుగా 50-70 మధ్య ఉంటే, పీయూవి 70-95 దాకా ఉంటాయి. ఆయిల్‌కు తట్టుకుంటాయి. గ్రీజు ఎండితే మాత్రం కీచుమంటాయి.

లోహపు బేరింగ్: రేసు కార్లకు. రోజూ తిరిగే బండికి వద్దు.

ఇంటి కారుకు, క్యాబ్‌కు కంపెనీ కొలతల రబ్బరు బుష్ చాలు. వేగంగా మలుపులు తిప్పే సరదా ఉండి, కొంచెం అదురు భరించగలిగితేనే పీయూ.

ఏది వేసినా అరిగినదాన్ని వదిలేయొద్దు. టైర్లు ఒకవైపు తింటాయి, బ్రేక్ వేస్తే బండి పక్కకు లాగుతుంది.

ఇంకో మాట. రబ్బరు బుష్ బోల్టును బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా చేస్తే బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి ఉండిపోయి, త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్. మెకానిక్ దగ్గర నిలబడి ఈ రెండూ చేయించుకోండి.