చూడి పందుల అనుబంధ పోషకాలు: చరిత్ర

చూడి పందికి మేతతో పాటు విడిగా ఇచ్చే ఖనిజాలు, విటమిన్లు అనుబంధ పోషకాల కిందికి వస్తాయి. తల్లికి పెట్టింది పిల్లకు చేరుతుందా అన్న ప్రశ్న చుట్టూనే వీటి చరిత్ర నడిచింది. జవాబు మాత్రం అన్నిటికీ ఒకటి కాదు.

అయోడిన్ చేరుతుంది. 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని మోంటానాలో పంది పిల్లలు ఒంటిమీద వెంట్రుక లేకుండా, మెడ వాచి పుట్టి, కాసేపటికే చనిపోయేవి. అయోడిన్ లోపమే దీనికి మూలమని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన హార్ట్, స్టీన్‌బాక్ 1918లో వివరించారు. చూడి పందికి పొటాషియం అయోడైడ్ ఇస్తే పిల్లలు మామూలుగా పుట్టాయి.

విటమిన్ ఎ కథ ఇంకా విచిత్రం. టెక్సాస్‌లో ఫ్రెడ్ హేల్ ఒక తొలిచూలు పందికి ఆ విటమిన్ లేని మేత పెట్టగా, పుట్టిన 11 పిల్లల్లో ఒక్కదానికీ కనుగుడ్లు లేవు. ఆయన 1933లో దీన్ని ప్రకటించాడు. ఆ గుడ్డి పందులనే సరైన మేతతో పెంచి ఈనిస్తే వాటి పిల్లలకు కళ్లు వచ్చాయి. వంశలోపమని తోసేయదగ్గ జబ్బు మేత లోపమని అలా రుజువైంది.

ఇనుము దగ్గరే లెక్క తప్పింది. పిల్ల సుమారు 50 మి.గ్రా. ఇనుముతో పుడుతుంది. రోజుకు కనీసం 7 మి.గ్రా. కావాలి, పాలలో దొరికేది 1 మి.గ్రా. మాత్రమే. ఊళ్లో తిరిగే పంది పిల్ల ముట్టెతో మట్టి పెళ్లగించి ఆ లోటు తీర్చుకుంటుంది. సిమెంటు గచ్చు మీద పుట్టినది పాలిపోయి, రొప్పుతూ చనిపోవచ్చు. 1923-24లో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో మెక్‌గోవన్, క్రిక్టన్ తల్లులకు ఐరన్ ఆక్సైడ్ దండిగా పెట్టారు, పిల్లలు కోలుకున్నాయి. అయితే ఆ ఇనుము పాల ద్వారా రాలేదు. తల్లి మేతనూ పేడనూ నాకి పిల్లలే సంపాదించుకున్నాయని తర్వాత తెలిసింది. పిల్లలకు ఇనుము అందేలా రైతులు దొడ్లో మట్టిగడ్డలు వేయడం, తల్లి పొదుగుకు ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం పూయడం వంటి పద్ధతులు పట్టారు. 1950లలో ఇంగ్లండ్‌లో ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్ వచ్చింది. పుట్టిన మూడు నాలుగు రోజుల్లో మెడ కండలో 200 మి.గ్రా. వేయడం నేటికీ ఆనవాయితీ.

తర్వాత సెలీనియం, విటమిన్ ఇ, ఫోలిక్ ఆమ్లం, చేపనూనె తల్లి మేతలో చేరాయి. అమైనో ఆమ్లాలతో జోడించిన ఇనుమును కూడా చూడి పందులకు పెట్టి చూశారు. పిల్లలకు వేసే సూది మాత్రం తప్పలేదు.