క్లోరిన్ స్థానంలో టైటానియం: మనలి ప్రొపిలీన్ ఆక్సైడ్ తయారీలో లోహ ఉత్ప్రేరణకు గల అవకాశం

సారాంశం: చెన్నై ఉత్తర శివారు మనలిలో ముడిచమురు నుంచి పాలియాల్ దాకా ఒక రసాయన గొలుసు నడుస్తోంది. అందులో ప్రొపిలీన్‌కు ఆక్సిజన్ చేర్చే దశ క్లోరిన్‌పై ఆధారపడి ఉంది. ఆ దశను టైటానియం ఉత్ప్రేరకానికి అప్పగించడం మన లోహ ఉత్ప్రేరణ పరిశోధనకు తొలి లక్ష్యం కావాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

1. నేపథ్యం

1965లో ఏర్పడిన మద్రాస్ రిఫైనరీస్ 1969లో మనలిలో పని ప్రారంభించింది. నేడది చెన్నై పెట్రోలియం కార్పొరేషన్. చమురు శుద్ధి అంటేనే లోహాల పని: గంధకాన్ని తొలగించేది కోబాల్ట్-మాలిబ్డినం సల్ఫైడ్, నాఫ్తా ఆక్టేన్ విలువను పెంచేది ప్లాటినం. ఈ శుద్ధి కర్మాగారం ఇచ్చే ప్రొపిలీన్‌తో మనలి పెట్రోకెమికల్స్ ప్రొపిలీన్ ఆక్సైడ్‌ను, దాని నుంచి గ్లైకాల్‌ను, పాలియాల్‌ను తయారుచేస్తుంది. పరుపుల్లో, వాహనాల సీట్లలో ఉండే నురుగుకు ముడిపదార్థం ఈ పాలియాలే.

2. క్లోరోహైడ్రిన్ పద్ధతి

మనలిలో ప్రొపిలీన్ ఆక్సైడ్ తయారయ్యే ఈ పద్ధతిలో ప్రొపిలీన్ మొదట క్లోరిన్, నీటితో చర్య జరిపి క్లోరోహైడ్రిన్‌గా మారుతుంది. తర్వాత తడిసున్నం క్లోరిన్‌ను తీసేస్తుంది. ఉత్పన్నంలో ఒక్క క్లోరిన్ పరమాణువూ మిగలదు. వాడినదంతా లవణమై నీటిలో కలుస్తుంది. సమీకరణం ప్రకారం 58 పాళ్ల ప్రొపిలీన్ ఆక్సైడ్‌కు 111 పాళ్ల కాల్షియం క్లోరైడ్ వస్తుంది. అంటే సరుకు కంటే వ్యర్థమే దాదాపు రెట్టింపు.

3. టైటానియం మార్గం

1983లో ఇటలీకి చెందిన ఎనీ సంస్థ పరిశోధకులు టీఎస్-1 అనే టైటానియం సిలికలైట్‌కు పేటెంట్ పొందారు. ఇందులో సిలికా చట్రంలో అక్కడక్కడ సిలికాన్ స్థానంలో టైటానియం ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ దానికి అతుక్కున్నప్పుడు ఆక్సిజన్ పరమాణువుకు ఎలక్ట్రాన్‌ల కొరత ఏర్పడుతుంది. ప్రొపిలీన్ ద్విబంధం ఆ ఆక్సిజన్‌ను అందుకుంటుంది. మిగిలేది నీరు. బీఏఎస్ఎఫ్, డౌ సంస్థలు 2008లో ఆంట్‌వెర్ప్‌లో ఈ పద్ధతితో కర్మాగారం నెలకొల్పాయి.

ఈ రసాయనం మనకు కొత్తది కాదు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో బి.ఎం. చౌదరి బృందం 1990లోనే బంకమట్టి పొరల మధ్య టైటానియంను నిలిపి ఎపాక్సీకరణ (ద్విబంధానికి ఆక్సిజన్ చేర్చడం) సాధించింది. ఘన ఆధారంపై లోహాన్ని నిలిపితే ఉత్ప్రేరకాన్ని వడగట్టి తిరిగి వాడుకోవచ్చు. కర్మాగారానికి కావలసింది ఆ గుణమే.

4. తర్వాతి దశ

పాలియాల్ తయారీలో పొటాషియం హైడ్రాక్సైడ్‌ను ఉత్ప్రేరకంగా వాడితే కొంత ప్రొపిలీన్ ఆక్సైడ్ అల్లైల్ ఆల్కహాల్‌గా మారి గొలుసుల నాణ్యతను తగ్గిస్తుంది. దాని బదులు వాడే జింక్ హెక్సాసయనోకోబాల్టేట్ ఆ నష్టాన్ని బాగా తగ్గిస్తుంది. అందులో కోబాల్ట్ సయనైడ్ కార్బన్‌తో బంధించుకుని ఉండగా, గొలుసును పెంచే పని జింక్‌ది. 1969లో జపాన్‌లో ఇనోవే బృందం డైఇథైల్ జింక్, నీటి మిశ్రమంతో కార్బన్ డయాక్సైడ్‌ను కూడా ప్రొపిలీన్ ఆక్సైడ్‌తో పాలిమర్‌లోకి చేర్చింది. కాబట్టి మొదటి దశలోనే కాదు, తర్వాతి దశల్లోనూ లోహ ఉత్ప్రేరణకు దారి ఉంది.

5. ముగింపు

పరిశోధన తేల్చాల్సినవి మూడు. భారీ కర్మాగారాలకు రూపొందిన పెరాక్సైడ్ పద్ధతిని చిన్న స్థాయికి ఎలా కుదించాలి? సూక్ష్మరంధ్రాల్లో పేరుకునే గ్లైకాల్ ఈథర్‌లను కాల్చి టీఎస్-1ను ఎన్నిసార్లు పునరుద్ధరించవచ్చు? పెరాక్సైడ్‌కు కావలసిన హైడ్రోజన్‌ను పొరుగునున్న శుద్ధి కర్మాగారం నుంచి తీసుకోవచ్చా? ఈ మూడింటినీ ప్రయోగశాలలు, కర్మాగారాలు కలిసి మనలిలోనే పరీక్షించాలి. ప్రొపిలీన్, హైడ్రోజన్, పాలియాల్ తయారీ ఒకేచోట ఉన్న ఇలాంటి ప్రాంతం దేశంలో అరుదు.